పాట వినిపిస్తుంది, డైలాగు వినిపించదు: హెడ్‌ఫోన్, 5.1 స్పీకర్ల సమస్యలు - పరిష్కారాలు

కంప్యూటర్‌లో సౌండ్ తేడా చేస్తే చాలామంది ముందు డ్రైవర్ (సౌండ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేస్తారు. అప్పటికీ కుదరకపోతే విండోస్ ఫార్మాట్ కొట్టిస్తారు. నా దగ్గరికి వచ్చే సిస్టమ్‌లలో ఎక్కువవాటికి డ్రైవర్‌తో సంబంధమే ఉండదు. వైరో, పిన్నో, ఒక్క సెట్టింగో అయి ఉంటుంది. అందుకే డ్రైవర్ జోలికి వెళ్లకముందు కింద రాసినవి వరసగా చూడండి. మదర్‌బోర్డు మీదే వచ్చే రియల్‌టెక్ సౌండ్, విండోస్ 10 లేదా 11, క్యాబినెట్ వెనక జాక్‌లలో 5.1 స్పీకర్లు (ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్), ముందు జాక్‌లో హెడ్‌ఫోన్. ఎక్కువ ఇళ్లలో ఉండే ఏర్పాటు ఇదే కాబట్టి దీన్నే దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

అసలు శబ్దమే లేదు

కారణం: విండోస్ శబ్దాన్ని వేరే చోటికి పంపుతోంది. గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ అప్‌డేట్ అయ్యాకో, మానిటర్‌ని హెచ్‌డీఎంఐ వైరుతో కలిపాకో ఇది మామూలే. మానిటర్ కూడా ఒక సౌండ్ డివైస్‌గా జాబితాలో చేరి, అదే డీఫాల్ట్ అయి కూర్చుంటుంది. ఆ మానిటర్‌లో స్పీకర్లు లేకపోయినా సరే.

పరిష్కారం: కింద టాస్క్‌బార్‌లో స్పీకర్ బొమ్మ మీద నొక్కి, ఏ డివైస్ పేరు ఉందో చదవండి. రియల్‌టెక్ కాకుండా మానిటర్ పేరుంటే మార్చండి. ఇంత చిన్న పని ఎవరూ చేయరు, ముందు వాల్యూమ్ వంద పెట్టి చూస్తారు.

పేరు సరిగ్గానే ఉన్నా శబ్దం రాకపోతే సౌండ్ సెట్టింగ్స్‌లో ‘మోర్ సౌండ్ సెట్టింగ్స్’ (విండోస్ 10లో ‘సౌండ్ కంట్రోల్ ప్యానెల్’) తెరవండి. పాత పద్ధతి సౌండ్ విండో వస్తుంది. ప్లేబ్యాక్ ట్యాబ్ తెరిచి ఉంచి ఏదైనా పాట పెట్టండి. డివైస్ పక్కన పచ్చ గీతలు పైకీ కిందకీ ఆడుతుంటే కంప్యూటర్ తన పని తాను చేస్తున్నట్టే. తప్పు బయట ఉంది: వైరు, స్పీకర్ల పవర్, వాల్యూమ్ నాబ్. గీతలు ఆడకపోతే అప్పుడు సెట్టింగులు, డ్రైవర్ చూడాలి. ఈ పచ్చ గీతలు ఒక్కసారి చూసుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

పాటలు బాగానే ఉన్నాయి, సినిమాలో మాటలు వినిపించవు

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టిన సమస్య ఇదే. బయటికి ఏ లోపమూ కనిపించదు. యూట్యూబ్‌లో పాట పెడితే బ్రహ్మాండంగా వస్తుంది, విండోస్ టింగుమని మోగుతుంది, కాల్ మాట్లాడితే అవతలివాళ్లు స్పష్టంగా వినిపిస్తారు. కానీ సినిమా ఫైల్ పెడితే హీరో పెదాలు కదులుతుంటాయి, మాట మాత్రం నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది, లేదా అసలు ఉండదు. వెనక మ్యూజిక్, వర్షం చప్పుడు, ఫైటింగుల మోత మాత్రం చక్కగా వస్తాయి. ఫైల్ పాడైందనుకుని ఇంకో ప్రింట్ దించుకుంటారు. దాంట్లోనూ అంతే. హెడ్‌ఫోన్ పోయిందనుకుని కొత్తది కొంటారు. అదీ అంతే. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన కొత్త హెడ్‌ఫోన్ కొని, అదీ బాగాలేదని తిరిగిచ్చేసి, తర్వాత నాకు చూపించారు. రెండు హెడ్‌ఫోన్లూ నిక్షేపంలా ఉన్నాయి.

ఇక్కడ ఒకేలా కనిపించే కారణాలు రెండున్నాయి. వాటిని విడదీయడానికి ఒక్క పరీక్ష చాలు. మీకు బాగా తెలిసిన మామూలు స్టీరియో పాట (ఎడమ, కుడి రెండే చానెళ్లున్నది) ఒకటి పెట్టండి. గాయకుడి గొంతు కూడా మాయమైతే తప్పు పిన్‌లో ఉంది. పాటలో గొంతు నిండుగా ఉండి, 5.1 సినిమాలో మాత్రమే మాటలు పోతుంటే తప్పు సెట్టింగులో ఉంది.

ముందు పిన్ సంగతి. హెడ్‌ఫోన్ పిన్ కొస ఎడమ చెవికి, మధ్య పట్టీ కుడి చెవికి, వైరు వైపున్న పొడవాటి భాగం రెండు చెవులకూ ఉమ్మడి గ్రౌండ్‌కి. పిన్ పూర్తిగా దిగకపోతే ఆ గ్రౌండ్ తగలదు. అప్పుడు చెవిలో పడేది ఎడమ శబ్దమూ కాదు, కుడి శబ్దమూ కాదు, రెండింటి మధ్య తేడా. గొంతును రికార్డింగ్‌లో సాధారణంగా రెండు వైపులా సమానంగా పెడతారు కాబట్టి ఆ తీసివేతలో గొంతే పోతుంది. కోరస్, ప్రతిధ్వని, పక్కవాయిద్యాలు మిగులుతాయి. కరోకే ట్రాక్‌లా వినిపిస్తుంది.

చాలా క్యాబినెట్లలో ముందు జాక్ కాస్త లోపలికి ఉంటుంది, చుట్టూ రంధ్రం ఇరుకు. లావుపాటి రబ్బరు తొడుగున్న పిన్ ఆ అంచుకే ఆనుకుని ఆగిపోతుంది. దిగిందనే అనుకుంటాం. దగ్గరికి వంగి చూస్తే మిల్లీమీటరో రెండో మెరిసే లోహం బయటే కనిపిస్తుంది. గట్టిగా నొక్కితే చిన్న టక్కుమన్న చప్పుడుతో లోపల కూర్చోవాలి. తొడుగు అడ్డుపడుతుంటే చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు వాడండి, పిన్ చెక్కే సాహసం వద్దు. ఫోన్‌తో వచ్చే మైక్ ఉన్న ఇయర్‌ఫోన్‌కి పిన్ మీద మూడు నల్ల గీతలు ఉంటాయి. అది కొన్ని జాక్‌లలో సరిగ్గా పొసగదు. దాని మైక్ బటన్ నొక్కి పట్టుకున్నప్పుడు గొంతు తిరిగొస్తే అదే కారణం. మైక్‌నీ హెడ్‌ఫోన్‌నీ విడదీసే స్ప్లిటర్ పెడితే సరిపోతుంది.

ఇక సెట్టింగ్ సంగతి, అసలు ముల్లు ఇక్కడే ఉంది. 5.1 సౌండ్‌లో ఆరు చానెళ్లు: ముందు ఎడమ, ముందు కుడి, సెంటర్, సబ్‌వూఫర్, వెనక ఎడమ, వెనక కుడి. సినిమాలో మాటలు దాదాపు అన్నీ సెంటర్ చానెల్‌లోనే ఉంటాయి. స్పీకర్ల కోసం విండోస్‌లో ఒకసారి 5.1 అని పెట్టాక, ‘ఇక్కడ ఆరు స్పీకర్లున్నాయి’ అని విండోస్ ప్రతి ప్లేయర్‌కీ చెబుతుంది. ప్లేయర్ కూడా నమ్మి ఆరు చానెళ్లూ విడివిడిగా ఇస్తుంది. మీరు స్పీకర్ల పవర్ ఆపేసి ముందు జాక్‌లో హెడ్‌ఫోన్ పెడతారు. రియల్‌టెక్ మామూలు అమరికలో ముందు హెడ్‌ఫోన్, వెనక స్పీకర్లు రెండూ ఒకే డివైస్ కింద లెక్క. కాబట్టి 5.1 సెట్టింగ్ అలాగే ఉండిపోతుంది. హెడ్‌ఫోన్‌లోకి ముందు ఎడమ, ముందు కుడి మాత్రమే వస్తాయి. మాటలున్న సెంటర్ చానెల్ ఎవరూ వినని జాక్‌కి వెళ్లిపోతుంది. యూట్యూబ్ పాట స్టీరియో కాబట్టి దానికి ఏ ఇబ్బందీ ఉండదు, అందుకే అనుమానం రాదు. గేముల్లోనూ ఇదే కథ: ఎదురుగా నిలబడి మాట్లాడేవాడు వినిపించడు, వెనక నుంచి వచ్చే అడుగుల చప్పుడు అందదు.

5.1 సెట్ తీసేసి 2.1 (రెండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) పెట్టుకున్నవాళ్లకీ ఇదే జరుగుతుంది. పాత సెట్టింగ్ మార్చడం మర్చిపోతారు.

నిర్ధారించుకోవాలంటే ప్లేబ్యాక్ ట్యాబ్‌లో రియల్‌టెక్ స్పీకర్స్‌ని ఎంచుకుని ‘కాన్ఫిగర్’ నొక్కండి. గదిలో స్పీకర్లు అమర్చినట్టు బొమ్మ వస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని మధ్యలో ఉన్న సెంటర్ స్పీకర్ బొమ్మ మీద నొక్కండి. చెవిలో ఏమీ వినిపించకపోతే దొంగ దొరికినట్టే.

పరిష్కారాల్లో తేలికైనది, హెడ్‌ఫోన్ వాడేటప్పుడు అదే కాన్ఫిగర్‌లో స్టీరియో పెట్టుకోవడం. స్టీరియో అని తెలిశాక ప్లేయరో విండోసో సెంటర్ చానెల్‌ని రెండు చెవులకూ కలిపి పంచుతుంది, మాటలు తిరిగొస్తాయి. మార్చాక ప్లేయర్‌ని గానీ బ్రౌజర్‌ని గానీ మూసి మళ్లీ తెరవండి. చానెళ్లు ఎన్నని చాలా ప్లేయర్లు తెరిచేటప్పుడే విండోస్‌ని అడుగుతాయి. మార్చి, నడుస్తున్న సినిమాలోనే చూసి ‘పనిచేయలేదు’ అనేవాళ్లని చాలామందిని చూశాను.

రోజూ ఇటూ అటూ మారేవాళ్లకి ఇది విసుగు. వాళ్లు రియల్‌టెక్ ఆడియో కన్సోల్ తెరిచి, డివైస్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ముందు జాక్‌కీ వెనక జాక్‌లకీ వేర్వేరు ఆడియో ఒకేసారి వెళ్లేలా చేసే ఆప్షన్ ఎంచుకోవాలి. అప్పుడు జాబితాలో రెండు డివైస్‌లు కనిపిస్తాయి. స్పీకర్స్‌కి 5.1 ఉంచండి, రెండోదానికి స్టీరియో. ఏది కావాలంటే దాన్ని టాస్క్‌బార్‌లో ఎంచుకోవచ్చు, దేని వాల్యూమ్ దానికి గుర్తుంటుంది. ఒక్క తేడా: హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్లు వాటంతటవే ఆగిపోవడం ఇక ఉండదు. అర్ధరాత్రి సినిమా మొదలుపెట్టే ముందు ఏ డివైస్ మీదుందో చూసుకోండి. నా ఓటు ఈ పద్ధతికే.

హెడ్‌ఫోన్‌లోనూ చుట్టూ వినిపించిన భావన కావాలంటే 5.1 పెట్టడం దారి కాదు. హెడ్‌ఫోన్ డివైస్‌కి స్పేషియల్ సౌండ్‌లో విండోస్ సోనిక్ ఆన్ చేయండి. గేములోనే హెడ్‌ఫోన్ మోడ్ ఉంటే రెండిట్లో ఒకటే ఉంచండి, రెండూ కలిస్తే శబ్దం మసకబారుతుంది.

వెనక స్పీకర్లు పలకవు

ముందు వైర్లు లెక్కపెట్టండి. అనలాగ్ 5.1కి కంప్యూటర్ నుంచి మూడు వైర్లు వెళ్లాలి, ఒక్కో వైరు రెండు చానెళ్లు మోస్తుంది. మన దగ్గర అమ్మే చాలా సెట్లతో ఒక్క వైరే వస్తుంది. దాన్ని ఆక్స్‌లో పెట్టి 5.1 రాలేదంటే ఎలా వస్తుంది? ఆక్స్ అంటే రెండు చానెళ్లే. సెట్ వెనక ఆరు ఆర్‌సీఏ సాకెట్లుంటే (డీవీడీ ప్లేయర్ వెనక ఉండే గుండ్రటి రకం), ఒక వైపు 3.5 మిల్లీమీటర్ల పిన్, ఇంకో వైపు రెండు ఆర్‌సీఏ పిన్‌లు ఉన్న వైర్లు మూడు కొనాలి. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్‌లో అడిగితే ఇస్తారు. ఆ ఆరు సాకెట్లూ లేక, 3.5 మిల్లీమీటర్ల వైర్లు మూడు పెట్టే వీలూ లేకపోతే ఆ సెట్ అనలాగ్‌లో 5.1 తీసుకోలేదు.

వైర్లు మూడూ ఉన్నా, సెట్ రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చాలి. ‘5.1’ అనో ‘డీవీడీ’ అనో ఉంటుంది. బ్లూటూత్ మీదో ఆక్స్ మీదో వదిలేసి కంప్యూటర్‌ని తిట్టుకోవద్దు.

రంగులు: ఐదారు జాక్‌లున్న బోర్డులో పచ్చ ముందు స్పీకర్లకి, నలుపు వెనకవాటికి, నారింజ సెంటర్, సబ్‌వూఫర్‌లకి. మూడే జాక్‌లుంటే 5.1 మోడ్‌లో నీలం వెనక స్పీకర్లవుతుంది, గులాబీ సెంటర్-సబ్ అవుతుంది. మైక్ ముందు ప్యానెల్‌కి మార్చుకోవాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, కాన్ఫిగర్‌లో టెస్ట్ నొక్కితే ఆరు స్పీకర్లూ ఒక్కొక్కటిగా పలికి, యూట్యూబ్‌లో మాత్రం వెనకవి మౌనంగా ఉంటే అది లోపం కాదు. బ్రౌజర్‌లో వచ్చే వీడియోలు ఎక్కువ భాగం స్టీరియోనే. 5.1 ఆడియో ఉన్న ఫైల్ పెట్టి చూశాకే తప్పుందో లేదో చెప్పాలి.

కాన్ఫిగర్‌లో 5.1 అనే మాటే లేదు

ఇది మాత్రం నిజంగా డ్రైవర్ సమస్య. డివైస్ పేరు రియల్‌టెక్ బదులు ‘హై డెఫినిషన్ ఆడియో డివైస్’ అని ఉంటే మైక్రోసాఫ్ట్ సాధారణ డ్రైవర్ నడుస్తోందని అర్థం. మూడు జాక్‌ల బోర్డుల్లో నీలం, గులాబీ జాక్‌ల పని మార్చడం చాలావరకు దానికి చేతకాదు. మదర్‌బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ నుంచి ఆడియో డ్రైవర్ దించుకోండి. ‘డ్రైవర్ అప్‌డేటర్’ సాఫ్ట్‌వేర్‌ల జోలికి పోవద్దు.

సెంటర్‌లోంచి దబదబలు, సబ్‌వూఫర్‌లోంచి మాటలు

సెంటర్, సబ్ తారుమారయ్యాయి. ఆ వైరు చివర ఉన్న ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ పిన్‌లు ఒకదాని చోట ఒకటి పెట్టండి. వైరు విడదీయలేని సెట్ అయితే రియల్‌టెక్ సాఫ్ట్‌వేర్‌లో సెంటర్, సబ్‌వూఫర్ మార్చే ఆప్షన్ ఉందేమో చూడండి.

సినిమాకి సబ్ మోగి, పాటలకి మోగకపోతే కాన్ఫిగర్ చివర్లో వచ్చే ‘ఫుల్ రేంజ్ స్పీకర్స్’ టిక్ తీసేయండి. చిన్న శాటిలైట్ స్పీకర్లని పెద్దవనుకుని బేస్ అంతా విండోస్ వాటికే పంపుతోంది.

కాల్ రాగానే పాట సౌండ్ పడిపోతుంది

సౌండ్ విండోలో కమ్యూనికేషన్స్ ట్యాబ్. కాల్ సమయంలో మిగతా శబ్దాలు 80 శాతం తగ్గించమని డీఫాల్ట్‌గా ఉంటుంది. ‘డు నథింగ్’ పెట్టండి.

మిగతావి

ముందు జాక్ అసలు పనిచేయకపోతే క్యాబినెట్ నుంచి వచ్చే ఆడియో వైరు మదర్‌బోర్డుకి పెట్టారో లేదో చూడండి, అసెంబ్లింగ్‌లో వదిలేస్తుంటారు. పాత క్యాబినెట్‌లో ఏసీ97 అనీ హెచ్‌డీ ఆడియో అనీ రెండు ప్లగ్‌లుంటే హెచ్‌డీ ఆడియోదే పెట్టాలి. ఏసీ97 పెడితే హెడ్‌ఫోన్ పెట్టిన సంగతి బోర్డుకి తెలియదు.

ఆప్టికల్ వైరుతో 5.1 రాకపోవడం సహజం. అది మామూలు పీసీఎం (కుదించని) శబ్దాన్ని రెండు చానెళ్ల వరకే మోస్తుంది, డాల్బీ డిజిటల్ లేదా డీటీఎస్‌గా కుదించి పంపితేనే ఆరు వస్తాయి.

స్పీకర్లలో గుయ్‌మనే మోత ఉంటే కంప్యూటర్‌నీ స్పీకర్లనీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి, ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. సౌండ్ చిప్ కాలిపోవడం, బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో) ఆడియో ఆఫ్ అయి ఉండటం అరుదు, వాటి గురించి ముందే టెన్షన్ పడక్కర్లేదు.

నిజంగానే చిప్ పోయి యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనాల్సి వస్తే, పెట్టె మీద 7.1 అని ఉందని చూసి తీసుకోవద్దు. ఒకే హెడ్‌ఫోన్ జాక్, ఒక మైక్ జాక్ ఉన్నదైతే ఆ 7.1 హెడ్‌ఫోన్‌లో కల్పించేదే. మీ 5.1 స్పీకర్లకి పనికిరావాలంటే ముందు, వెనక, సెంటర్-సబ్‌లకి విడివిడిగా మూడు అవుట్‌పుట్ జాక్‌లు ఉన్నదే కొనండి.