ఆర్డినల్ ప్రమేయాల గురించిన ప్రతిపాదనకు ఎంత బలం ఉందో కొలవడం ఎలా

కోనసీమ ఇళ్ళలో ధాన్యం కొలతలకు పుట్టి, కుంచం, అడ్డ, మానిక, సోల, గిద్ద అని ఒక వరస ఉండేది. అందులో ఒక్క నియమం మార్చి చూడండి: గాదెలోంచి ఒక కుంచం తీసేస్తే, దానికి బదులు మానికలు లక్షయినా కోటయినా పోసుకోవచ్చు. ఇలా ఏ కొలతకైనా దానికంటే చిన్నవి ఎన్నయినా పోస్తూ పోయినా, గాదె ఏదో ఒకనాటికి ఖాళీ కాక తప్పదు. వరస ఆరింటితో ఆగకుండా ఎక్స్ అనే ఏ క్రమమైనా కావచ్చుననుకుంటే, ఆ కొలతలతో రాయగల పరిమిత మొత్తాల క్రమమే ఒమేగా ఘాతం ఎక్స్. "ఎక్స్‌లో అంతులేకుండా కిందికి దిగలేకపోతే ఒమేగా ఘాతం ఎక్స్‌లోనూ దిగలేము" అన్న ప్రతిపాదనతో పద్ధతిని చూద్దాం. ఇలా అంతులేకుండా కిందికి దిగలేని క్రమాన్నే ఆర్డినల్ అంటారు; ప్రతిపాదన బలం అంటే దాన్ని నిరూపించడానికి ఎంత స్వీకృతం (నిరూపణ లేకుండా ఒప్పుకునే నియమం) కావాలన్నది.

ముందుగా పునాది, అంటే మొదటే ఒప్పుకునే స్వీకృతాల వ్యవస్థ, బలహీనంగా ఉండాలి. గణనతో దొరికే సమితులను మాత్రమే ఇచ్చే ఆర్‌సీఏ0 ఇందుకు తగినది. ప్రతిపాదనను "ప్రతి ఎక్స్‌కూ" అనే రాయండి. ఒక్క ఆర్డినల్ గురించిన మాట బలం వేరు. ఒమేగా ఘాతాన్ని మళ్ళీ మళ్ళీ వేస్తూ పోతే చేరే ఎప్సిలాన్-0 అనే ఆర్డినల్ వరకు గణితానుగమనాన్ని, సహజ సంఖ్యల ప్రామాణిక స్వీకృత వ్యవస్థ అయిన పియానో అంకగణితం నిరూపించలేదని తర్కవేత్త గెంట్జెన్ 1943లో నేరుగా చూపాడు.

తరువాత ఏ స్వీకృతం చాలునో వెతకాలి. దిగుతూ పోయే మొత్తాల్లో అన్నిటికంటే పెద్ద కొలత ఉన్న పదం ఇక ఎప్పటికీ మారదని తెలియాలంటే అనంతంగా ముందుకు చూడాలి. ఆ ప్రశ్నకు జవాబిచ్చే సమితిని ఏసీఏ0, అంటే అంకగణిత భాషలో వర్ణించగల ప్రతి సమితీ ఉందనే స్వీకృతం, ఇస్తుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ అసలు కొలత తిరుగుదారిలో ఉంది, అంటే ప్రతిపాదన నుంచే స్వీకృతాన్ని రాబట్టాలి. సహజ సంఖ్యల మీద ఒక అన్వేక ప్రమేయాన్ని, అంటే ఏ రెండు దశల్లోనూ ఒకే విలువ ఇవ్వనిదాన్ని, తీసుకోండి. ఒక దశ తరువాతి విలువలన్నీ ఆ దశ విలువకంటే పెద్దవైతే అది నిజమైన దశ. అనంతంగా నిజమైన దశలు తెలిస్తే ప్రమేయ వ్యాప్తిని, అంటే అది ఇచ్చే విలువల సమితిని, చదివేయవచ్చు: కె కంటే పెద్ద విలువ ఉన్న నిజమైన దశను పట్టుకుని, అంతవరకు కె వచ్చిందో లేదో చూస్తే చాలు. ఎక్స్‌లో ఎలా దిగినా ఈ దశలు బయటపడేటట్టు ఎక్స్‌ను గణనతో కట్టవచ్చు. ఒమేగా ఘాతం ఎక్స్‌లో మాత్రం, ఒక దశ నిజమైనదన్న ఊహ తప్పిన ప్రతిసారీ పెద్ద కొలతను చిన్నవాటితో మార్చుకుంటూ, గణనతోనే దిగవచ్చు. కనుక ప్రతిపాదన నిజమైతే ఎక్స్‌లోనూ దిగే దారి ఉండాలి, వ్యాప్తి దొరకాలి; ఇలా ప్రతి అన్వేక ప్రమేయానికీ వ్యాప్తి దొరికితే ఏసీఏ0 వచ్చినట్టే. తర్కవేత్త జిరార్ 1987లో ప్రచురించిన ఈ సమానత్వం నాకు ఈ రంగంలోకెల్లా అందంగా తోస్తుంది.

ఎక్స్ నుంచి ఎప్సిలాన్ ఎక్స్‌కు వెళ్ళే ప్రతిపాదనకు ఇదే పద్ధతి ఏసీఏ0 కంటే బలమైన ఏసీఏ0 ప్లస్‌ను, ఎప్సిలాన్‌కంటే ఇంకా పైకి వెళ్ళే వెబ్లెన్ ఫై ప్రమేయానికి మరింత బలమైన ఏటీఆర్0ను ఇస్తుంది. వాటిలో మొదటిదాన్ని పట్టుకునే ముందు, ఒమేగా ఘాతం తిరుగుదారిని కాగితం మీద ఒకసారి పూర్తిగా రాసుకోండి.