పెన్నేరు లావుగా ఊరింది, టెస్టులో ఎందుకు తప్పింది?

వేరు వేలంత లావు, లోపల తెల్లటి పిండి. అంగట్లో మొదటి రకం. కానీ మందుకు కొనేవాళ్లు టెస్టు చేయించి, విథనోలైడ్ల (వేరులో మందుగా పనిచేసే పదార్థాల) శాతం తక్కువుందని తిప్పి పంపారు. పెన్నేరు, అదే అశ్వగంధ వేసినవాళ్లలో ఏటా ఎవరో ఒకరు ఇదే టెన్షన్‌తో వస్తారు.

ముందు వేరు విరిచి చూడండి. పుటుక్కున విరగాలి. వంగితే ఇంకా తేమ ఉంది, మళ్లీ ఆరబెట్టండి. ఈ చిన్న పని మానేసి విత్తనాన్ని తిట్టేవాళ్లే ఎక్కువ.

వేరు ఆరే ఉంటే తప్పు చాలావరకు నీళ్లది. బెట్టకొచ్చిన పెన్నేరు తనను కాపాడుకోవడానికి చేసుకునే పదార్థాలే మనకు మందు. చివరి రెండు నెలలు తడి దొరికితే వేరులో పిండి పెరుగుతుంది, మందు పలచనవుతుంది.

"నేను నీళ్లే పెట్టలేదు" అంటారు. నేనూ అదే అన్నాను. నల్లగొండ పక్కన మాది ఎర్ర చెల్క, గెట్టు అవతల బత్తాయి తోట. పూత కోసం ఆ తోటను డిసెంబరులో ఎండబెట్టి, జనవరిలో పాదుల నిండా నీళ్లు వదులుతారు. మన పంట ఆరాల్సింది సరిగ్గా అప్పుడే. కింద మొరం ఉండటంతో ఆ నీళ్లు లోతుకు దిగక, గెట్టు కింద నుంచి జాలుగా మా చేలోకొచ్చేవి. పైన మాత్రం దుమ్ము లేచేది! రెండేళ్లు విత్తనం మార్చాను. మూడో ఏడు చూస్తే గెట్టు వైపు సగం చేను ఆకు పచ్చగానే ఉంది, కాయ ఎర్రబడలేదు. అంతకుముందు కూడా అలాగే ఉండి ఉంటుంది, నేనే చూడలేదు.

పలుగుతో మొరం తగిలేదాకా గుంత తీసి, అడుగు మట్టి పిడికిట్లో పిసకండి. ఉండ కడితే జాలు ఉన్నట్టే. గెట్టు వెంట అంత లోతున కందకం తీసి నీళ్లను వాలుకు మళ్లించండి. ఆ వైపు వేర్లు విడిగా తవ్వి, విడిగా టెస్టుకు పంపండి.

అలాగని మొలక నిలవకముందే మాడ్చకండి. మరీ బెట్టయితే వేరు పీచుపట్టి, ఎకరాకొచ్చే మందే తగ్గుతుంది.

రకాన్ని బట్టి శాతం మారడం నిజమే. కానీ ఒకే సంచి విత్తనం వేసిన చేలో ఒక పక్కే తప్పితే అది విత్తనం పని కాదు. చౌడు, నులిపురుగుల సంగతి ఆఖర్న చూసుకోవచ్చు.

కాయ ఎర్రబడి కింది ఆకు ఎండాక, 150-180 రోజుల మధ్య తవ్వండి. నేల గట్టిపడి పలుగు దిగకపోతే ఒక తేలిక తడి ఇవ్వొచ్చు. తవ్వే ముందు ఇస్తే చాలు, నెల ముందు నుంచి కాదు.