టీకా కార్డుకి లామినేషన్ చేయించకండి

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో నాది జిరాక్స్ దుకాణం. పిల్లల టీకా కార్డు తెచ్చి లామినేషన్ చెయ్యమంటారు. చెయ్యను. ప్లాస్టిక్ వేసేస్తే తర్వాతి టీకా తేదీ ఎక్కడ రాస్తారు? పాలిథిన్ కవరు చాలు. రెండు వైపులా జిరాక్స్, ఫోన్‌లో ఒక ఫొటో.

ఇక్కడి అసలు చిక్కు వేరు. పురుడు ఆంధ్రా వైపు పాతపట్నంలోనో టెక్కలిలోనో పుట్టింట్లో, మూడో నెలకి తల్లీబిడ్డా ఇటొస్తారు. అక్కడి కార్డు తెలుగులో, ఇక్కడి ఆశా దీదీకి వచ్చింది ఒడియా. అందుకే బయల్దేరే ముందే అక్కడి ఏఎన్‌ఎం (టీకాలు వేసే నర్సమ్మ) చేత ప్రతి టీకా పేరూ ఇంగ్లిష్ అక్షరాల్లో, పక్కనే తేదీ రాయించుకోండి. టీకాల వరస రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే: పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్-బి, 6, 10, 14 వారాలకి పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి ఒకే టీకా), 9 నెలలు నిండాక మీజిల్స్-రుబెల్లా, 16-24 నెలల మధ్య రెండోసారి. మధ్యలో ఇంకొన్ని ఉంటాయి, కార్డులోనే ఉంటుంది. మెదడువాపు టీకా మాత్రం కొన్ని జిల్లాల్లోనే, అడగండి.

మా మనవరాలికి 10 వారాల డోసు ఇలాగే ఏటికి అటూ ఇటూ కాకుండా పోయింది. మళ్లీ మొదట్నుంచి వేయించాలేమోనని కోడలికి టెన్షన్. అక్కర్లేదు. ఆగిన చోటి నుంచే వేస్తారు, డోసుకీ డోసుకీ కనీసం 4 వారాలు ఎడం. వేశాక అరగంట అక్కడే కూర్చోండి. ఆ రాత్రి ఒళ్లు వెచ్చబడితే ఏఎన్‌ఎం చెప్పిన మోతాదులో పారాసెటమాల్. మా ఆవిడ పసుపూ నూనే పట్టుకొచ్చింది, సూది గుచ్చిన చోట ఏమీ రాయకూడదు.

టీకొట్టు దగ్గర కొందరు, వేయించని వాళ్లకి జరిమానా వెయ్యాలంటారు. 1880లో తెల్లవాళ్లు మశూచి టీకాకి అలాంటి చట్టమే చేశారు. మన పోలియో మాత్రం ఇంటింటికీ తిరిగి చుక్కలు వేస్తేనే పోయింది, చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో. ఒడిశాలో గర్భిణులకీ బాలింతలకీ ఇచ్చే మమతా పథకం సొమ్ముకి టీకాల షరతు పెట్టారు, అంతవరకు బాగుంది. కూలి మానుకుని కొండ దిగొచ్చిన తల్లిని "అయిపోయాయి, వచ్చే నెల రా" అని పంపేస్తే జరిమానా ఎవరికెయ్యాలి? బడిలో చేర్చేటప్పుడు కార్డు అడగమనండి, లేదని బిడ్డని వెనక్కి పంపొద్దు.

కార్డు పోతే, టీకా వేసిన చోట రిజిస్టర్ చూడమనండి. యూ-విన్‌లో (టీకాలు నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్) ఎక్కించి ఉంటే ఫోన్ నంబరుతో దొరుకుతుంది. పుట్టింట్లో ఏ నంబరిచ్చారో గుర్తుపెట్టుకోండి, చాలామంది తమ్ముడిదిస్తారు.