ఎప్పుడో వెళ్ళిపోయిన నాన్న తిరిగొస్తే: కోజీ మిస్టరీ ఎపిసోడ్ ఎలా రాయాలి

కోజీ మిస్టరీ అంటే తెలిసిందేగా, చిన్న ఊరు, అందరికీ అందరూ తెలుసు, హత్య తెర వెనక జరిగిపోతుంది, రక్తం చూపించరు, పోలీసు కాని ఒక మామూలు మనిషి, ఎక్కువగా ఒకావిడ, తన తెలివితో హంతకుణ్ణి పట్టుకుంటుంది. ఇలాంటి సీరీస్ కొన్ని సీజన్లు నడిచిందంటే రైటర్లకి ఎప్పుడో ఒకప్పుడు తట్టే ఐడియా ఒకటుంది, హీరోయిన్ చిన్నప్పుడు ఇల్లు వదిలి వెళ్ళిపోయిన నాన్న ఇప్పుడు గుమ్మంలో ప్రత్యక్షమవడం. మంచి ఐడియానే. కానీ చాలాసార్లు హత్య ఒక పక్కన నడుస్తుంది, నాన్న సెంటిమెంట్ ఇంకో పక్కన నడుస్తుంది, రెండూ ఎక్కడా కలవవు, చివర్లో హగ్ ఇచ్చేసి అయిందనిపిస్తారు. అలా కాకుండా నిజంగా పట్టి కూర్చోబెట్టే ఎపిసోడ్ రాయాలంటే ఏం చేయాలో చెప్తాను.

మొట్టమొదట నాన్న గురించి ఆలోచించడం ఆపేయండి. ఆయన లేని ఇన్నేళ్ళూ ఆ చోటులో ఎవరు నిలబడ్డారు అన్నది రాసుకోండి. సైకిల్ తొక్కడం ఎవరు నేర్పారు, ఫీజులు ఎవరు కట్టారు, జ్వరమొస్తే రాత్రంతా పక్కన ఎవరు కూర్చున్నారు, ఆ మనిషే మీ అసలు కథ. ఎందుకంటే నాన్న తిరిగొస్తే అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేది ఆ పెంచిన మనిషే. నన్నడిగితే హంతకుడు కూడా ఆయనే అవ్వాలి. అప్పుడే ఆ అమ్మాయికి ఒకే గంటలో ఒక నాన్న దొరికి ఇంకో నాన్న పోతాడు, హత్య కథ, ఇంటి కథ ఒకటే కథ అవుతాయి, రెండు ముక్కల్ని అతికించే పని ఉండదు.

ఉదాహరణకి ఒకటి కట్టి చూపిస్తా. హీరోయిన్ పాత గడియారాలు రిపేర్ చేస్తుంది, ఆ పని నాన్న దగ్గరే నేర్చుకుంది, ఆయన తనకి 9 ఏళ్ళప్పుడు ఊరి ట్రస్టు డబ్బు కాజేశాడన్న మచ్చతో రాత్రికి రాత్రి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ నాన్న స్నేహితుడైన ఒక పెద్దాయన ఆమెని కడుపులో పెట్టుకుని చూసుకున్నాడు. 25 ఏళ్ళ తర్వాత నాన్న వచ్చాడు. ఆయన్ని రమ్మని ఉత్తరం రాసింది ఆ ట్రస్టులో లెక్కలు చూసి రిటైరైన గుమాస్తా, పాత లెజర్లు తిరగేస్తుంటే డబ్బు తీసింది ఈయన కాదని ఆయనకి అర్థమైంది. మర్నాడు పొద్దున్నే గుమాస్తా శవం. ఊరంతా వేలు చూపించేది నాన్న వైపే, నిన్నే దిగాడు, పాత దొంగ, పైగా రాత్రి ఎక్కడున్నాడంటే నోరు విప్పడు. అసలు దొంగ మాత్రం పెంచిన పెద్దాయన. కూతురు రాసిన ఉత్తరాలు నాన్నకి చేరకుండా, నాన్న రాసినవి కూతురికి చేరకుండా నడిపింది కూడా ఆయనే.

ఇప్పుడు క్లూలు. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కాస్త ఎక్కువసేపు మాట్లాడతా.

నాన్న వచ్చాడనగానే చూసేవాళ్ళకి తట్టే మొదటి ప్రశ్న, ఈయన నిజంగా నాన్నేనా లేక వేషమా అని. దీనికి నిజ జీవితంలోనే బోలెడు మెటీరియల్ ఉంది. భవాల్ సన్యాసి కేసు తీసుకోండి, 1909లో డార్జిలింగ్‌లో చనిపోయాడనుకున్న భవాల్ జమీందారీ కుమారుడు రమేంద్ర నారాయణ్ రాయ్ 1921లో ఢాకాలో సన్యాసి రూపంలో కనిపించాడు, తోడబుట్టిన జ్యోతిర్మయి మావాడే అంది, భార్య విభావతి చివరిదాకా కాదంది, 1930లో కోర్టుకెక్కిన దావా 1946లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు, ఆయన వైపు తేల్చేదాకా నడిచింది. ఇంగ్లండ్‌లో టిచ్‌బోర్న్ కేసు దీనికి సరిగ్గా తిరగేసినట్టుంటుంది, 1854లో ఓడతో పాటు గల్లంతైన కొడుకుని నేనే అంటూ ఆస్ట్రేలియా నుంచి ఒకడొచ్చాడు, తల్లి నమ్మేసింది, కానీ అసలు కొడుకు ఫ్రాన్స్‌లో పెరిగినవాడు, వచ్చినవాడికి ఫ్రెంచ్ రాదు, చివరికి 1874లో 14 ఏళ్ళ శిక్ష పడింది. వీటికంటే ముందు 16వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోనే మార్టిన్ గెర్ కేసు, ఊరు వదిలి వెళ్ళిన మార్టిన్‌ని నేనే అంటూ ఒకడొచ్చాడు, అందులో ఊరి చెప్పులు కుట్టేవాడు వచ్చి అసలు మార్టిన్ పాదం పెద్దది, వీడి పాదం చిన్నది అని సాక్ష్యం చెప్పాడు. ఒక మనిషి పాదం కొలత, అంతే. కోజీ మిస్టరీకి ఇంతకంటే మంచి క్లూ ఏముంటుంది, ల్యాబ్ అక్కర్లేదు, ఊళ్ళో వాళ్ళకి మాత్రమే తెలిసే చిన్న విషయం చాలు.

ఈ మూడు కేసుల్లోంచీ తీసుకోవాల్సింది ఇంకొకటుంది, ఇంట్లో వాళ్ళందరూ ఒకే మాట అనరు. ఒకరు చూడగానే గుర్తుపడతారు, ఒకరు ససేమిరా అంటారు, ఎవరికి ఏం కావాలో దాన్ని బట్టే వాళ్ళ కళ్ళకి కనిపిస్తుంది. మీ ఎపిసోడ్‌లో కూడా ఆ చీలిక పెట్టండి. పిన్ని ఏడుస్తూ చేతులు పట్టుకుంటుంది, కూతురు తలుపు దగ్గరే నిలబడిపోతుంది, పెద్దాయన మాత్రం అందరికంటే ముందు వెళ్ళి కావలించుకుంటాడు. ఆ కావలింత మొదటిసారి చూసినప్పుడు మంచితనంలా ఉండాలి, రెండోసారి చూసినప్పుడు ఒళ్ళు జలదరించాలి.

కానీ ఒక జాగ్రత్త, నాన్నా కాదా అన్న ప్రశ్నని చివరిదాకా లాగొద్దు. సగం ఎపిసోడ్ కల్లా తేల్చేయండి. లాగితే ఆ అమ్మాయి బాధకి చోటే ఉండదు, మొత్తం ఐడీ చెకింగ్ అయిపోతుంది. డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ని అలెక్ జెఫ్రీస్ 1984లో కనిపెట్టాడు, ఆ తర్వాతి కాలంలో కథ పెడితే టెస్ట్ చేయిస్తే సరిపోయేదిగా అని చూసేవాళ్ళు కచ్చితంగా అడుగుతారు, కాబట్టి మీరే ఎవరో ఒకరితో ఆ మాట అనిపించి శాంపిల్ ఇప్పించేయండి, రిజల్ట్ వచ్చేలోపే మన హీరోయిన్ కళ్ళతో కనిపెట్టేస్తుంది. కథ అంతకంటే పాతకాలంలో పెడితే బ్లడ్ గ్రూప్ ఉంది, కానీ అది కాదని చెప్పగలదే తప్ప ఔనని చెప్పలేదు, మామూలుగా ఏబీ గ్రూప్ మనిషికి ఓ గ్రూప్ బిడ్డ పుట్టదు, అంతవరకే. కవలల ట్విస్ట్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, ముందు నుంచీ ప్రిపేర్ చేయకుండా కవలల్నీ, ఒకే పోలికున్న మనుషుల్నీ దింపకూడదని డిటెక్టివ్ కథల రచయిత రొనాల్డ్ నాక్స్ 1929లోనే ఈ కథలకి రాసిన తన రూల్స్‌లో పెట్టాడు, ఇప్పటికీ అది కరెక్టే.

మన ఉదాహరణలో నాన్న అసలువాడే అని ఎలా తెలుస్తుందంటే, రాత్రి చీకట్లో మేడ మెట్లెక్కుతూ మూడో మెట్టు మీద కాలు పెట్టకుండా దాటేసి నాలుగో దాని మీద వేస్తాడు. ఆయన ఉన్నప్పుడు ఆ మెట్టు కిర్రుమనేది, నిద్రపోతున్న పాప లేస్తుందని రోజూ అలాగే దాటేవాడు. దాన్ని బాగుచేయించి ఏళ్ళయింది, ఇప్పుడు చప్పుడే రాదు, కానీ ఆయన కాలికి ఆ సంగతి తెలీదు. వేషం వేసుకొచ్చినవాడికి ఎంత ట్రైనింగ్ ఇచ్చినా ఇది నేర్పలేరు. కింద నుంచి చూస్తున్న కూతురు ఒక్క మాట మాట్లాడదు, మీరు కూడా అక్కడ డైలాగ్ రాయొద్దు, మ్యూజిక్ నోట్ కూడా వద్దు. మెట్టు బాగుచేయించిన సంగతి మాత్రం మొదటి పది నిమిషాల్లోనే ఎవరో మాటల్లో అనేయాలి, లేకపోతే మోసం.

రెండో క్లూ దీనికి వ్యతిరేకంగా పనిచేయాలి, అంటే ఆయనకి తెలియకూడనిది తెలిసి ఉండటం. మాటల్లో కుక్క ఫోటో చూసి దాని పేరు పెట్టి పలకరించినట్టు అంటాడు. ఆ కుక్క ఇంటికొచ్చింది ఆయన వెళ్ళిన నాలుగేళ్ళకి. సీన్‌లో ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే అదే టైమ్‌కి పోలీసులు తలుపు కొడతారు. ఎప్పుడూ ఇదే పద్ధతి, ముఖ్యమైన క్లూ పడిన వెంటనే గట్టి చప్పుడు ఒకటి పెట్టాలి, చూసేవాళ్ళ చెవిన పడుతుంది కానీ మనసులో నిలవదు. తర్వాత ఎప్పుడో గడియారం విప్పుతూ ఆమెకి చటుక్కున తడుతుంది, ఎవరో ఇన్నాళ్ళూ ఈయనకి ఇంటి కబుర్లు రాస్తున్నారు అని. గుమాస్తా రాసింది ఒకే ఒక్క ఉత్తరం, మరి మిగతావి ఎవరు? కూతురు నీ మొహం చూడనంటోంది, రావొద్దు అని రాస్తూ, నమ్మకం కోసం మధ్యమధ్యలో నిజం కబుర్లు కలిపింది ఎవరు? కుక్కని కొనిచ్చింది ఎవరో ఆమెకి బాగా గుర్తుంది.

టైమింగ్ సంగతి త్వరగా చెప్పేస్తా. గంట స్లాట్ అంటే యాడ్స్ పోను సుమారు 42 నుంచి 44 నిమిషాలు, స్క్రిప్ట్‌లో ఒక పేజీకి దాదాపు ఒక నిమిషం. మొదటి మూడు నిమిషాల్లో నాన్న గుమ్మంలో ఉండాలి, 9 లేదా 10వ నిమిషానికి శవం, 20 దాటేలోపు మెట్ల సీన్, 30 దగ్గర నాన్న అరెస్టు, 37 నుంచి నిజం బయటపడటం, మిగిలింది ఇంటికి. ఎపిసోడ్‌లో అనుమానితులు నలుగురు మించితే ఎవరి మొహమూ గుర్తుండదు.

మోటివ్‌కి బరువు కావాలంటే చట్టం వైపు ఒకసారి చూడండి. ఇండియాలో, ఇంగ్లండ్‌లో కూడా ఏడేళ్ళ పాటు ఒక మనిషి గురించి తెలియాల్సిన వాళ్ళకి ఏ కబురూ లేకపోతే చనిపోయినట్టు భావించొచ్చు. అంటే ఆస్తి చేతులు మారుతుంది, బీమా డబ్బు వస్తుంది, తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని ఉండొచ్చు. ఆయన బతికున్నాడని తెలిసీ కబురు దాచినవాడు ఊరికే అబద్ధం ఆడినట్టు కాదు, మోసానికి దిగినట్టు. మన పెద్దాయన కోర్టులో సంతకం పెట్టి ఏ సమాచారమూ లేదని చెప్పి ఉంటే, ఆ సంతకం తారీఖు, ఆయన నాన్నకి రాసిన ఉత్తరం తారీఖు పక్కపక్కన పెడితే చాలు, నిజం బయటపెట్టే సీన్‌కి కావాల్సిన సాక్ష్యం అదే. అరుపులు, కత్తులు ఏమీ అక్కర్లేదు, టేబుల్ మీద రెండు కాగితాలు.

ఆ సీన్‌లో పెద్దాయన్ని రాక్షసుడిలా రాయకండి ప్లీజ్. ఆయన ఆ పిల్లని నిజంగా ప్రేమించాడు, డబ్బు దొంగతనం దాచడానికి మొదలెట్టి, తర్వాత ఆ పిల్ల తనని వదిలి వెళ్ళకూడదని అబద్ధం కొనసాగించాడు. "జ్వరమొచ్చిన రాత్రి పక్కనున్నది నేనే కదమ్మా" అంటాడు. అది నిజం, దాన్ని ఆమె కాదనలేదు, అందుకే ఆ మాట గట్టిగా తగులుతుంది. "అవును మావయ్యా, మీరే" అని మాత్రమే అని ఫోన్ తీసి పోలీసులకి చేయాలి.

నాన్నతో మాటలు చివరికి ఉంచండి, తక్కువ ఉంచండి. చిన్నప్పుడు నువ్వు అని పిలిచిన నాన్నని ఎపిసోడ్ అంతా మీరు అంటుంది, నాన్నా అన్న పిలుపే రాదు. ఆయన తప్పు కూడా ఆయనది ఉండనివ్వండి, ఎవరో రావొద్దన్నారని 25 ఏళ్ళు రాకుండా ఉండిపోవడం చిన్న సంగతి కాదు, ఒక్కసారైనా వచ్చి కూతుర్నే అడిగి ఉండొచ్చు. ఆ ప్రశ్న ఆమెతో అడిగించాలి, ఆయన దగ్గర సమాధానం ఉండకూడదు. "భయమేసింది" అనొచ్చు, అంతకుమించి సంజాయిషీ ఇప్పిస్తే ఆయన మీద జాలి పుట్టించడానికి రాసినట్టు అయిపోతుంది.

క్షమించడం ఈ ఎపిసోడ్‌లో వద్దు. షాపులో ఎన్నాళ్ళగానో నడవని గడియారం ఒకటుంటే దాన్ని ఆయన ముందు పెట్టి "రేపు తొమ్మిదికి రా, ఇది నువ్వే చూడు" అంటుంది, మీరు కాస్తా నువ్వు అయిందని ఎవరితోనూ చెప్పించకండి, ఆయన మొహం మీద ఒక క్లోజప్ చాలు. తర్వాత ఎపిసోడ్‌లో ఆయన తొమ్మిదికి వచ్చాడా లేదా అన్నది మీ దగ్గరున్న మంచి సరుకు, దాన్ని ఇక్కడే ఖర్చు పెట్టేయొద్దు.