గుడాకు డబ్బా పక్కన పెట్టండి, రాత్రి బ్రష్ పట్టండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా అమ్మమ్మ తలగడ కింద ఎప్పుడూ ఒక గుడాకు డబ్బా, అంటే పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద, ఉండేది. పొద్దున్న లేవగానే చూపుడు వేలితో కాస్త తీసి చిగుళ్లకు రుద్దుకుని, అరుగు మీద కూర్చుని అరగంట సేపు ఉమ్ముకుంటే తప్ప ఆవిడకి తెల్లారేది కాదు. అన్నం తిన్నాక ఇంకోసారి, పన్ను సలిపితే మరోసారి. యాభై దాటేసరికి ముందు పళ్లు నాలుగు మిగిలాయి. అడిగితే "వయసొచ్చాక పళ్లూడవా ఏంటి" అనేది. అక్కడి గుణుపురం వెళ్లినా రాయగడ వెళ్లినా మన తెలుగు ఇళ్లలో ఇదే మాట.

వయసు వల్ల పళ్లు ఊడవు. చిగుళ్ల జబ్బు వల్ల ఊడతాయి, పిప్పి వల్ల ఊడతాయి, ఆ రెండూ పాచితోనే మొదలవుతాయి. పంటి మీద మెత్తగా జిగురుగా పేరుకునేదే పాచి, అందులో ఉండే సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని తిని ఆమ్లం వదులుతాయి, ఆ ఆమ్లం పంటిని తొలిచేస్తుంది. రోజూ తోమి తీసేస్తే పోతుంది, తీయకపోతే గట్టిపడి గార కడుతుంది. గార కట్టాక ఇంట్లో ఏ బ్రష్షూ దాన్ని వదిలించలేదు, డాక్టర్ దగ్గర క్లీనింగ్ చేయించుకోవాల్సిందే. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయని చాలామంది భయపడతారు. నిజానికి అప్పటికే ఎముక కరిగి కదులుతున్న పంటిని గార పట్టుకుని ఉంటుంది, అది తీయగానే కదలిక బయటపడుతుంది, అంతే.

గుడాకు సంగతి ముందే తేల్చేద్దాం. అందులో ఉండేది పొగాకు, బెల్లం మడ్డి. నొప్పి తగ్గినట్టు అనిపించేది పొగాకు మత్తు వల్ల, పిప్పి మాత్రం లోపల తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. టూత్‌పేస్టుల్లో, పళ్లపొడుల్లో పొగాకు కలపకూడదని మన దేశంలో 1992 నుంచీ నిషేధం ఉంది, కానీ ఇది పొగాకు సరుకుగానే అమ్ముడవుతుంది కాబట్టి కిళ్లీ కొట్టులో దర్జాగా దొరుకుతుంది. ఆడవాళ్లకి ఎక్కువగా ఇంట్లోనే అలవాటవుతుంది, అత్తగారి డబ్బాలోంచి కోడలికి. ఒక్కసారిగా మానలేకపోతే ముందు మధ్యాహ్నం రుద్దడం ఆపండి, తర్వాత పొద్దున్నది. నోరు లాగితే సోంపు గానీ లవంగం గానీ నమలండి. పొగాకు మానాలనుకునేవాళ్లకి 1800-11-2356 అని ఉచిత నంబరు ఉంది, ఫోన్ చేసి మాట్లాడొచ్చు.

ఇక తోమడం. మెత్తటి బ్రష్ తీసుకోండి, గట్టిది తీసుకుంటే చిగురు అరిగి పన్ను జివ్వుమంటుంది. చిగురూ పన్నూ కలిసే చోట కాస్త వాలుగా పెట్టి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు, లోపలి వైపు కూడా, రెండు నిమిషాలు తోమండి. చాలామంది అద్దంలో కనిపించే ముందు పళ్లనే తళతళా తోమి వెనకున్న దవడ పళ్లను వదిలేస్తారు, పిప్పి పట్టేది ఎక్కువగా అక్కడే. పేస్ట్ ట్యూబు వెనక ఫ్లోరైడ్ 1000 పీపీఎం గానీ అంతకు కొంచెం ఎక్కువ గానీ ఉందో లేదో చూడండి, అక్షరాలు చదవడం రాకపోయినా ఆ అంకె గుర్తుపట్టొచ్చు. తోమాక నురగ ఉమ్మేసి ఊరుకోండి, చెంబుడు నీళ్లతో పుక్కిలించి ఫ్లోరైడ్ అంతా కడిగేసుకోకండి. నిమ్మసోడా తాగినా, చింతపండు పులుసు గట్టిగా తిన్నా వెంటనే తోమకుండా అరగంట ఆగండి, అప్పుడు పంటి పైపొర మెత్తబడి ఉంటుంది.

రోజుకు రెండుసార్లు తోమాలి, ఒకటే కుదిరితే నేనైతే రాత్రిదే ఉంచుకోమంటాను. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పళ్లను కడిగేదే ఉండదు, తిన్నది రాత్రంతా అక్కడే ఊరుతుంది. మన ఇళ్లలో పొద్దున్న పాచినోటితో టీ తాగకూడదంటూ పట్టింపు పడతారు గానీ రాత్రి ఖజా తిని నేరుగా పడుకుంటే ఎవరూ ఏమీ అనరు.

పందుంపుల్ల చెడ్డది కాదు, వేప పుల్ల నమిలి కుచ్చులా చేసుకుని మెల్లగా తోమితే పాచి పోతుంది, కాకపోతే దవడ లోపలికి అందదు, అందులో ఫ్లోరైడ్ ఉండదు. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు మాత్రం వద్దు, పంటి పైపొరను గరుకు కాగితంతో రుద్దినట్టే.

పిల్లల విషయంలో నేను దెబ్బతిన్న కథ ఒకటి చెప్పాలి. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వరస వెనక, ఏ పన్నూ ఊడకుండానే, కొత్తగా ఒక దవడ పన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కదా, ఇదీ పాలపన్నే అనుకుంటాం. కాదు, అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. నాది పన్నెండేళ్లకే పుచ్చిపోయింది, మా నాన్న సంతలో పళ్లు పీకే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు, "పాలపన్నే బాబూ, మళ్లీ వస్తుంది" అని పీకేశాడు. ఇరవై ఏళ్లు దాటింది, ఇంకా రాలేదు. మీ పిల్లలకి ఐదు నిండినప్పటి నుంచి నెలకోసారి నోరు తెరిపించి వెనక వైపు చూడండి. ఆ పంటి గుంతలు పూడ్చడానికి డాక్టర్లు సీలెంట్ వేస్తారు, వేయించండి.

మొదటి పన్ను రాగానే, అంటే సుమారు ఆరు నెలలకే, తోమడం మొదలుపెట్టాలి. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత పేస్ట్, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా మీ చేత్తో మీరే తోమాలి, వాళ్ల చేతికి బ్రష్ ఇస్తే చీకుతారు తప్ప తోమరు. చక్కెర పాల సీసా నోట్లో పెట్టి పడుకోబెట్టకండి. పాలపళ్లు ఎలాగూ ఊడేవే కదా అనకండి, అవి ముందే పోతే వెనక వచ్చే పళ్లు వంకరగా వస్తాయి. అంగన్‌వాడీకీ ప్రభుత్వ బడికీ పిల్లల ఆరోగ్యం పరీక్షించడానికి వచ్చే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ బృందం పళ్లు కూడా చూస్తుంది, ఆ రోజు పిల్లల్ని మానిపించకండి.

ఆటలో జీవితాంతం ఉండాల్సిన పన్ను ఊడి కింద పడిందనుకోండి, వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని తీయండి, మట్టి ఉంటే పాలతో ఒక్కసారి కడిగి, కుదిరితే ఆ గుంతలోనే పెట్టండి, లేదంటే గ్లాసుడు పాలలో వేసుకుని గంటలోపు డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. పాలపన్నైతే తిరిగి పెట్టకూడదు.

కాలేజీ పిల్లల నోట్లో గుట్కా, వక్క ఉన్నాయా చూడండి. పొగాకు లేని ఒట్టి వక్క కూడా చెంప లోపల గట్టి పట్టీల్లా చేసి నోరు తెరుచుకోకుండా చేస్తుంది. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.

కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్లు ఉబ్బి రక్తం రావడం మామూలే, దానికి బ్రష్ మానేస్తే ఇంకా ఎక్కువవుతుంది. వాంతయ్యాక వంటసోడా చిటికెడు కలిపిన నీళ్లతో పుక్కిలించండి. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పంటి వైద్యం చేయించుకోవడానికి బాగుంటుంది, కడుపులో బిడ్డ పంటిలో కాల్షియం లాగేస్తుందన్న మాట వట్టిది. సుగర్ ఉన్నవాళ్లకి చిగుళ్ల జబ్బు త్వరగా వస్తుంది, చిగుళ్లు బాగోకపోతే సుగర్ కూడా లొంగదు, కాబట్టి ఆరు నెలలకోసారి చూపించుకోవడం వాళ్లకి మరీ అవసరం.

పాతపట్నం వైపు పల్లెల్లో అడ్డపొగ తాగే ముసలమ్మలు ఇంకా ఉన్నారు, చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని పీల్చడం. వాళ్ల అంగిలి అద్దంలో వాళ్లకే కనిపించదు, టార్చి వేసి మీరు చూడండి. తెల్ల మచ్చ గానీ ఎర్ర మచ్చ గానీ కనిపించినా, రెండు వారాలైనా మానని పుండు ఉన్నా బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రికో శ్రీకాకుళానికో తీసుకెళ్లండి.

సంతలో ఒక్క పూటలో పక్క పళ్లకు అతికించేసే పళ్లు పెట్టించుకోకండి, వాటి కింద చిగురు కుళ్లి పక్కన ఉన్న మంచి పళ్లు కూడా పోతాయి. కట్టుడు పళ్లు రాత్రి తీసి, సబ్బుతో బ్రష్ చేసి, చల్లటి నీళ్ల గిన్నెలో వేయాలి. వేడి నీళ్లు పోస్తే వంగిపోతాయి.

మంచాన పడ్డవాళ్లకి పళ్లు లేకపోయినా నోరు తుడవాలి, శుభ్రమైన తడి గుడ్డ వేలికి చుట్టి చిగుళ్లు, చెంపల లోపల, నాలుక, రోజుకు రెండు పూటలా. అమ్మమ్మకి చివరి ఏడాది నేనే తుడిచేదాన్ని. గుడాకు పెట్టమని అడిగేది, నేను ఇచ్చేదాన్ని కాదు, ఉన్న నాలుగు పళ్లతో గుడ్డని కొరికి పట్టుకునేది.