ఫారంలో ఖాళీ గీతలు సమానంగా రావాలంటే

వర్డ్‌లో ఫారం తయారుచేసేటప్పుడు పేరు, చిరునామా పక్కన అండర్‌స్కోర్ నొక్కుకుంటూ పోతే గీతలన్నీ తలోచోట ఆగుతాయి, ఫాంట్ మార్చామంటే సగం గీత కింది లైన్లోకి దూకుతుంది. పోనీ స్పేస్‌లు కొట్టి అండర్‌లైన్ చేద్దామా అంటే లైను చివర స్పేస్‌ల కింద చాలాసార్లు గీతే కనిపించదు.

దీనికి ట్యాబ్ వాడండి. గీతలు కావాల్సిన లైన్లన్నీ సెలెక్ట్ చేసి, హోమ్‌లో పేరాగ్రాఫ్ బాక్స్ తెరిస్తే అడుగున ఎడమవైపు ట్యాబ్స్ అనే బటన్ ఉంటుంది. అందులో పొజిషన్ 6 అంగుళాలు (సెంటీమీటర్లలో చూపిస్తుంటే 15), అలైన్‌మెంట్ రైట్, లీడర్‌లో 4వది, అంటే నిండు గీత, ఎంచుకుని సెట్, ఓకే. ఇక "పేరు:" అని టైప్ చేసి ట్యాబ్ ఒక్కసారి నొక్కితే చాలు, మాట పొడవుదైనా పొట్టిదైనా గీతలన్నీ ఒకే చోట ఆగుతాయి. ఒక్క గీతే కావాలంటే ఇంత తతంగం అక్కర్లేదు, కంట్రోల్ యూ నొక్కి, గీత కావాల్సినంత పొడవు వచ్చేదాకా ట్యాబ్ కొట్టి, మళ్ళీ కంట్రోల్ యూ.

అయితే ఇది ప్రింట్ తీసి పెన్నుతో నింపే ఫారాలకే. కంప్యూటర్లోనే నింపేవాళ్ళకి పంపితే వాళ్ళు టైప్ చేసిన మాటల కింద గీత ఉండదు, మాట అయ్యాకే మొదలవుతుంది. అలాంటప్పుడు టేబుల్ పెట్టి, నింపాల్సిన గడికి కింది బోర్డర్ మాత్రం ఉంచి మిగతావి తీసేయండి.