జపాన్ స్టడీ ట్రిప్‌కి వెళ్తున్నారా? హోమ్‌స్టేకి ఇలా సిద్ధమవ్వండి

కాలేజీ తరఫున పది రోజులకో రెండు వారాలకో జపాన్ వెళ్తుంటే, షెడ్యూల్‌లో ముందు చూడాల్సింది హోమ్‌స్టే ఎన్ని రాత్రులు ఉందన్నది. క్యోటోలో ఫుషిమి ఇనారి మందిరం, నారాలో తొదాయ్‌జి బౌద్ధాలయం ఎలాగూ తీసుకెళ్ళి చూపిస్తారు, కానీ ఒక ఇంట్లో వాళ్ళతో కలిసి తిని పడుకుంటే తెలిసేది వేరు. ఒక్క రాత్రే ఇచ్చి ఉంటే ఇంకోటి కలపమని అడగండి, మొహమాటపడొద్దు.

వెళ్ళే నెల ముందు నుంచి జపనీస్ లిపుల్లో ఒకటైన హిరగానా 46 అక్షరాలు దిద్దండి. అ ఇ ఉ ఎ ఒ, క కి కు కె కొ అంటూ మన గుణింతంలాగే సాగుతుంది, ఆ వరస కూడా సంస్కృతం చదువుకున్న బౌద్ధ భిక్షువుల ద్వారా ఏర్పడిందే. వాక్యం మనలాగే క్రియతో ముగుస్తుంది, విభక్తుల్లాంటివి మాట వెనకాలే వస్తాయి. 'నిహోన్ ని ఇకిమాసు' అంటే 'జపాన్‌కు వెళ్తాను', మాటకు మాట అదే వరస. కాబట్టి ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగులోంచే నేర్చుకోండి, చాలా తేలిక.

అక్కడ కరెంటు 100 వోల్టులు, ప్లగ్గుకి రెండు చదును పిన్నులు, అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి. జలుబు మాత్రలు పెట్టుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త, సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించి ఉన్నవి అక్కడ నిషేధం. ఆ ఇంటివాళ్ళకి కొండపల్లి బొమ్మో ఏటికొప్పాక లక్క బొమ్మో తీసుకెళ్ళి రెండు చేతులతో ఇవ్వండి.

గుమ్మం లోపల 'గెన్‌కాన్' అని కాస్త పల్లంగా ఉంటుంది. బూట్లు అక్కడే విప్పి, మెట్టెక్కి, వెనక్కి తిరిగి వంగి వాటి ముందుభాగం వీధివైపు ఉండేలా సర్దాలి. లోపల వేరే స్లిప్పర్లు ఇస్తారు, తతామి చాప ఉన్న గదిలోకి అవి కూడా వేసుకోకూడదు. టాయిలెట్‌కి ఇంకో జత ఉంటుంది, దాన్ని అక్కడే వదిలి రావడం మర్చిపోకండి.

స్నానం దగ్గరే ఎక్కువమందికి టెన్షన్. ముందు తొట్టి బయట స్టూల్ మీద కూర్చుని సబ్బుతో పూర్తిగా ఒళ్ళు రుద్దుకుని కడుక్కోవాలి, ఆ తర్వాతే వేడినీళ్ళ తొట్టిలో దిగాలి. అవే నీళ్ళలో ఇంట్లోవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దిగుతారు కాబట్టి బయటికొచ్చాక బిరడా లాగేయకండి, మూత పెట్టి వచ్చేయండి.

శాకాహారులైతే దరఖాస్తులోనే వివరంగా రాయండి. మాంసం తిననని మాత్రమే చెబితే సరిపోదు, మిసో సూప్‌లో ముక్కలేవీ కనిపించకపోయినా దానికి ఆధారమైన రసం, 'దాషి', చాలాసార్లు ఎండబెట్టిన చేపతో కాచిందే అయి ఉంటుంది. 'నికు మో సకనా మో తబెరరేమసెన్' అని బట్టీపట్టండి, మాంసమూ చేపా రెండూ తినలేనని అర్థం. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చొద్దు, చనిపోయినవాళ్ళకి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. మన పిండం గుర్తు తెచ్చుకుంటే వాళ్ళకి ఎలా ఉంటుందో అర్థమవుతుంది. ఒకరి చాప్‌స్టిక్స్‌ నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కి ముక్క అందించడమూ తప్పే, దహనం తర్వాత అస్థికలు అలాగే అందుకుంటారు.

టీ సెరమనీ ఉంటే ముందు మిఠాయి తినేయండి, గ్రీన్ టీ పొడి కలిపి ఇచ్చే మచ్చా అంత చేదుగా ఉంటుంది. గిన్నె కుడిచేత్తో తీసి ఎడమ అరచేతిలో పెట్టుకుని, రెండుసార్లు సవ్యదిశలో కొద్దికొద్దిగా తిప్పి తాగాలి. గిన్నెలో అందమైన వైపు మీకు ఎదురుగా పెట్టి ఇస్తారు, అక్కడ పెదవి ఆనించకూడదని ఆ తిప్పడం. మోకాళ్ళ మీద కూర్చోవడం ఇంట్లోనే రోజూ పది నిమిషాలు అలవాటు చేసుకోండి, లేకపోతే తిమ్మిరెక్కి లేవలేరు.

మొదటిసారి ఇంట్లో అడుగుపెట్టేటప్పుడు 'ఒజమా షిమాసు' అనండి, మీకు ఇబ్బంది కలిగిస్తున్నాను అని. మర్నాడు బయట తిరిగొచ్చాక మాత్రం బూట్లు విప్పుతూ 'తదైమా' అనండి, వచ్చేశాను అని. వంటింట్లోంచి 'ఒకాఎరి' అని జవాబొస్తుంది, సొంత పిల్లలు బడి నుంచి వచ్చినా అదే మాట.